సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒక పూట

పిల్లలూ! మాది కర్నూలు జిల్లాలోని పత్తికొండ. వాన తక్కువ, రాయి ఎక్కువ అయిన ప్రాంతం. 1827 జూలై 6వ తేదీన మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో కలరా సోకి చనిపోయినది మా ఊళ్ళోనే. అందుచేత చరిత్ర పుస్తకాలలో మా ఊరి పేరు ఒక్కచోటనయినా కనబడుతుంది. ఇప్పుడు మా ఊరు అనగానే అందరూ టమోటాల మార్కెట్టు అంటారు. నేను ఈ చుట్టుపక్కల బడులలో ముప్ఫై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పి, హెడ్‌మాస్టరుగా రిటైరయినాను.

కిందటి ఏడు ఒకనాడు పెరట్లో తవ్వే పార పిడి ఊడిపోతే, దాన్ని తీసుకుని మా మనవడితో కలిసి కమ్మరి కొలిమికి వెళ్ళాను. ఆ కొలిమి నడిపే మనిషి ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే. ఇప్పుడు యాభై ఏళ్ళ వయసు. గొర్రులు, గుంటకలు బాగుచేస్తాడు. ట్రాక్టరు పనిముట్లకు వెల్డింగు కూడా చేస్తాడు. పారను కొలిమిలో పెట్టి, నా వంక చూసి నవ్వుతూ ఒక ప్రశ్న వేశాడు:

"సార్, ఆ హైదరాబాదు గడియారంలో కమ్మరాయన ఇంకా సుత్తి వేస్తానే ఉండాడా?"

నాకు ఒక్క నిమిషం ఏమీ అర్థం కాలేదు. తరువాత అంతా గుర్తుకు వచ్చింది. గుర్తుకు వచ్చిన తరువాత తల వంచుకోవలసి వచ్చింది. ఆ కథ ముందు చెబుతాను.

1990లో మా బడి పిల్లలను నలభై మందిని వెంటబెట్టుకుని హైదరాబాదు విహారయాత్రకు వెళ్ళాము. నాకు అప్పుడు ముప్ఫై రెండేళ్ళు. టీచరు ట్రైనింగులో నేర్చుకున్నదంతా ఒక్కరోజులోనే అమలు జరపాలనే ఉత్సాహం. సాలార్‌జంగ్ మ్యూజియం గుమ్మం దగ్గర పిల్లలను బారు తీర్చి, "ప్రతివాడూ నూరు వస్తువుల పేర్లు నోటు పుస్తకంలో వ్రాసుకు రావాలి. ఎవరూ బారు విడిచి ఆగరాదు" అని ఆజ్ఞ వేశాను. రెండు గంటలలో మ్యూజియం అంతా చుట్టేశాము. బస్సుకు వేళయిందని కూడా నాకు తొందరగా ఉన్నది.

గడియారం గదిలో ఒక పిల్లవాడు ఆగిపోయాడు. పన్నెండు గంటలు కొట్టటం అయిపోయింది, జనం లేచి పోతున్నారు, వాడు మాత్రం కదలలేదు. నేను వెనక్కి వెళ్ళి, వాడి చేయి పట్టుకుని బరబరా లాక్కువచ్చాను.

బడికి తిరిగి వచ్చిన తరువాత పుస్తకాలు దిద్దాను. అందరి పుస్తకాలలోనూ నూరేసి పేర్లు ఉన్నవి. "నాలుగోది ఎలా ఉన్నది? దాని రంగేమిటి?" అని అడిగితే ఒక్కరూ చెప్పలేకపోయారు. పేర్లు వ్రాసుకోవటంలో పడి ఎవరూ వస్తువును చూడలేదు. ఆ పిల్లవాడి పుస్తకంలో మాత్రం ఒక్క ముక్కే ఉన్నది: "కమ్మరి. 41." నేను దాన్ని పొగరు అనుకున్నాను. వాణ్ణి పీరియడు ముగిసేదాకా బెంచీ మీద నిలబెట్టాను. వాడు ఏమీ మాట్లాడలేదు. పదో తరగతి అయిన తరువాత చదువు మాని, వాళ్ళ నాయన కొలిమిలో చేరాడు.

"నలభై ఒకటి అంటే ఏమిటయ్యా?" అని ఇన్నేళ్ళ తరువాత ఇప్పుడు అడిగాను.

"ఆ కమ్మరి బొమ్మ నిమిషానికి ఎన్ని దెబ్బలు వేస్తాడో లెక్కపెడదామనుకుంటి సార్. మా నాయన వేసే దెబ్బలతో పోల్చి చూద్దామని. నలభై ఒకటి దగ్గర మీరు చేయి పట్టి లాగితిరి."

వాడి మాటలో కోపం లేదు. నవ్వుతూనే చెప్పి, పారను దాకలి మీద పెట్టి రెండు దెబ్బలు వేశాడు. ఆ దెబ్బలు నాకే తగిలినట్లనిపించింది.

మా మనవడు మటుకు ఊరుకోలేదు. "మామా, నేను పోయి లెక్కపెట్టి వచ్చి చెప్తా" అన్నాడు. ఈ ప్రయాణం అలా మొదలయింది. వాడితోపాటు వాడి అక్క కూడా బయలుదేరింది. దానికి పన్నెండేళ్ళు, వీడికి తొమ్మిది.

ఈసారి నేను పాత పొరపాటు చేయదలచలేదు. కనుక ముందు పిల్లలకు చూడటం అలవాటు చేద్దామని, ఒక ఆదివారంనాడు ఎర్రగుడికి తీసుకువెళ్ళాను. పత్తికొండకూ గుత్తికీ మధ్య, జొన్నగిరి దగ్గర ఉన్నది ఎర్రగుడి. అక్కడి గుట్టమీద బండలపైన అశోక చక్రవర్తి శాసనాలు చెక్కించాడు. ఇప్పటికి ఇంచుమించు రెండువేల రెండువందల యాభై ఏళ్ళయింది. రాసినది బ్రాహ్మీ లిపి, భాష ప్రాకృతం. అక్కడ జనసమ్మర్దం లేదు. మేము ముగ్గురమూ, గాలీ, దూరాన మేకలూ.

"పది నిమిషాలు ఈ బండనే చూడండి. ఏమీ మాట్లాడవద్దు" అన్నాను. మొదటి రెండు నిమిషాలు కాళ్ళు కదిలించారు. తరువాత నిజంగానే చూడసాగారు. ఇళ్ళకు తిరిగి వచ్చేలోగా శాసనాన్ని గురించి ఒక సంగతి చెప్పాను. అక్కడి ఒక శాసనంలో కొన్ని పంక్తులు ఎడమనుంచి కుడికీ, కొన్ని పంక్తులు కుడినుంచి ఎడమకూ చెక్కి ఉన్నవి. మనవరాలు కొంచెంసేపు ఆలోచించి, "మడక దున్నినట్లా తాతా? ఈ కొసకు పోయి, ఎద్దులను మళ్ళించి, ఆ కొసకు వచ్చినట్లు" అన్నది. నిజానికి గ్రీసు దేశంవారు ఈ మాదిరి రాతకు పెట్టిన పేరుకు అర్థం కూడా అదే, ఎద్దు మళ్ళినట్లు అని! పుస్తకం చదవకుండానే మా పిల్ల ఆ పోలిక పట్టుకున్నది. చూస్తే కదా తోచేది?

ఆ శాసనాలలో అశోకుడు తల్లిదండ్రుల మాట వినమనీ, ప్రాణులపట్ల దయ చూపమనీ, నిజమే పలకమనీ, శిష్యులు గురువును గౌరవించాలనీ చెప్పించాడు. ఈ కడపటి మాట నేను ముప్ఫై ఏళ్ళు బడిలో గర్వంగా చెబుతూ వచ్చాను. ఆరోజు చెప్పబోతే మటుకు గొంతులో ఏదో అడ్డం పడింది.

తిరిగి వస్తూ పిల్లలకు ఒక ఉపాయం చెప్పాను. తొలకరి వానలు పడగానే మా తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర చేలలో జనం వజ్రాలకోసం వెతుకుతారు. ఇది మా పిల్లలు ఏటా చూసేదే. "వజ్రాలు వెతికేవాళ్ళు చేనంతా పరుగెత్తుతారా?" అని అడిగాను. "లేదు. వంగి, మెల్లగా, కొంచెం నేలనే చూస్తారు" అన్నాడు మనవడు. "మ్యూజియంలో కూడా అట్లాగే నడవాలి" అన్నాను. తలా ఒక చిన్న కాగితం ఇచ్చి, మ్యూజియంలోని వస్తువులను గురించి చదివి, మొత్తంమీద అయిదింటిని మాత్రమే ఏరుకోమన్నాను. మూడు వస్తువులు అందరికీ కలిపి. మిగిలిన రెండూ ఎవరికి ఇష్టమైనది వారు ఒక్కొక్కటి.

శుక్రవారం మ్యూజియానికి సెలవు. ఆదివారాలు, పండుగలు అయితే ఇసుక వేస్తే రాలనంత జనం. కనుక మంగళవారం ఎంచుకున్నాము. వాళ్ళ అవ్వ జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి మూట కట్టి ఇచ్చింది. కర్నూలు చేరి, తుంగభద్ర దాటి, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, హైదరాబాదు చేరాము. కర్నూలునుంచి రెండువందల కిలోమీటర్లకు పైమాటే. నేను 1990లో వెళ్ళినప్పుడు అది మన ఉమ్మడి రాష్ట్రానికి రాజధాని. 2014లో రాష్ట్రాలు రెండయినవి. నగరం ఇప్పుడు తెలంగాణ రాజధాని. అయినా మ్యూజియం గుమ్మంలో ఎవరినీ ఏ ఊరని అడగరు.

మరునాడు పొద్దున నయాపుల్ వంతెన మీదుగా మూసీనది దాటాము. ఇప్పుడు నీళ్ళు సన్నగా పారే ఈ నదే 1908 సెప్టెంబరు 28న పొంగి వేలమందిని పొట్టన పెట్టుకున్నది. నదికి దక్షిణపు ఒడ్డున మ్యూజియం. తలుపులు తెరిచేవేళకే చేరుకున్నాము. అప్పటికే టికెట్లకోసం పెద్ద బారు. ఎక్కడెక్కడి బళ్ళనుంచో పిల్లలు యూనిఫారాలలో వచ్చారు. ఒక మాస్టరు గట్టిగా, "ఎవరూ ఆగరాదు!" అంటున్నాడు. నేను నవ్వుకున్నాను. ఆయనలో నన్నే చూసుకున్నాను.

బారులో నిలబడి ఉండగా పిల్లలకు మ్యూజియం పుట్టిన కథ చెప్పాను. హైదరాబాదు నిజాములకు సాలార్‌జంగ్ బిరుదు ఉన్న ప్రధానమంత్రులు ముగ్గురు ఉండేవారు. తాత, తండ్రి, మనవడు. మూడవ ఆయన పేరు మీర్ యూసుఫ్ అలీఖాన్. 1889లో పుట్టాడు. 1912లో ప్రధానమంత్రి అయి, 1914లో ఆ పని వదిలేశాడు. ఇక అక్కడినుంచి జీవితమంతా వస్తువులు సేకరించటమే పని. పెళ్ళి చేసుకోలేదు. పింగాణీ, కత్తులు, బొమ్మలు, పటాలు, గడియారాలు, వ్రాతప్రతులు, ఏది మంచిదని తోస్తే అది కొన్నాడు. 1949లో ఆయన చనిపోయేనాటికి దివాన్ దేవిడీ అనే ఆయన భవనం వస్తువులతో నిండి ఉన్నది. 1951 డిసెంబరు 16న జవహర్‌లాల్ నెహ్రూ ఆ భవనంలోనే మ్యూజియాన్ని ప్రారంభించారు. 1961లో పార్లమెంటు దీన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా చట్టం చేసింది. 1968లో ఇప్పటి కట్టడానికి మారింది. నలభైవేలకు పైగా వస్తువులు ఉన్నవి.

మనవడు లెక్కల్లో గట్టివాడు. "తాతా, ఒక్కొక్క వస్తువుకు ఒక నిమిషం ఇచ్చినా, రోజుకు ఏడు గంటలు చూసినా తొంభై రోజులకు పైనే పడుతుంది" అన్నాడు. అందుకే అయిదు వస్తువులు చాలునన్నాను.

సంచులు అప్పజెప్పి లోపలికి వెళ్ళేముందు మూడు ఏర్పాట్లు చేసుకున్నాము. తప్పిపోతే పెద్ద గుమ్మం దగ్గరికి రావాలి. ఎవరినైనా అడగవలసివస్తే అక్కడి ఉద్యోగినే అడగాలి. నా ఫోను నంబరు వ్రాసిన చీటీ జేబులో ఉండాలి. రద్దీ చోటికి పిల్లలతో వెళ్ళే పెద్దలంతా ఈ మూడూ మరువరాదు.

మొదట ముసుగు రెబెకాను చూశాము. ఇది పాలరాతి విగ్రహం. బైబిలు కథలో ఐజాక్‌ను పెళ్ళాడబోయే రెబెకా ముసుగు వేసుకుని నిలబడి ఉంటుంది. చేసినవాడు ఇటలీ శిల్పి బెంజోనీ. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోము నగరంలో కొన్నాడు. అంతా ఒకే రాయి. అయినా పలుచని తడిబట్ట వెనుక ముఖం కనబడుతున్నట్లే ఉంటుంది. పిల్లలిద్దరూ చుట్టూ రెండుసార్లు తిరిగారు. "రాతిలోనుంచి ముఖం ఎట్లా కనబడుతుంది?" అని అడిగారు.

అక్కడ ముసుగూ లేదు, ముసుగు వెనుక ముఖమూ లేదు. శిల్పి చేసినదల్లా బట్ట ముక్కుకూ పెదవులకూ అంటుకునేచోట నునుపుగా వదిలి, వదులుగా జారేచోట సన్నని మడతలు చెక్కటం. వాటి మీద పడే వెలుగూ నీడా చూసి, మిగిలిన బట్టను మన మనస్సే అల్లుకుంటుంది. పైగా పాలరాయి వెలుగును కొంచెం లోపలికి పోనిస్తుంది. అందుకే చర్మంలాగా మెత్తగా కనబడుతుంది. ఇంకొక చిత్రం వినండి. మా ఇళ్ళలో నేలకు పరిచే బేతంచెర్ల నాపరాళ్ళు సున్నపురాతి జాతివి. సున్నపురాయి భూమి అడుగున వేడికీ ఒత్తిడికీ లక్షల ఏళ్ళు లోనయితే పాలరాయి అవుతుంది. "అయితే మన వంటింటి బండ రెబెకాకు చుట్టమే!" అన్నది మనవరాలు.

రెండవది రెండు ముఖాల కొయ్యబొమ్మ. ముందునుంచి చూస్తే మెఫిస్టోఫిలిస్ అనే దుష్టుడు ఛాతీ విరుచుకుని నిలబడి ఉంటాడు. వెనుక ఉన్న అద్దంలో చూస్తే మార్గరెట్టా అనే పిల్ల తల వంచుకుని కనబడుతుంది. ఇద్దరూ జర్మనీ కవి గెటే వ్రాసిన ఫౌస్టు నాటకంలోనివారు. రెండు బొమ్మలూ ఒకే మొద్దులో చెక్కినవే. జనం ముందుకు వచ్చి, ఫోనుతో ఫొటో తీసుకుని, వెళ్ళిపోతున్నారు. ఒక్కొక్కరు నిలిచిన కాలం మనవడు లెక్కపెట్టాడు. చాలామంది పది లెక్కపెట్టేలోగానే కదిలిపోయారు!

ఈ లోపల నా కాళ్ళు పీకటం మొదలుపెట్టినవి. పొలంగట్లమీద రెండు క్రోసులు నడిచినా రాని నొప్పి, మ్యూజియంలో గంటలోనే ఎందుకు వస్తుంది? దీన్ని గురించి ఆలోచించినవారు ఉన్నారు. అమెరికాలోని బోస్టన్ కళాప్రదర్శనశాలలో పనిచేసిన గిల్మన్ అనే ఆయన 1916లో "మ్యూజియం అలసట" అని ఒక వ్యాసం వ్రాశాడు. ఒక మనిషి వస్తువులు చూడటానికి ఎన్ని విధాలుగా వంగి, సాగి, మెడ తిప్పి అవస్థపడతాడో ఫొటోలు తీయించి చూపించాడు. సరిగ్గా నడిచేటప్పుడు పిక్కలలోని కండరాలు బిగిసి వదులుతూ నెత్తురును పైకి తోస్తవి. ఒకచోట నిలబడి, అడుగుతీసి అడుగువేస్తూ ఉంటే ఆ పని సరిగా జరగదు. కళ్ళూ మనస్సూ కూడా అలసిపోతవి. మందు చాలా తేలిక. అరగంటకొకసారి కూర్చోవాలి, నీళ్ళు తాగాలి. మేము ఒక బల్లమీద పది నిమిషాలు కూర్చున్నాము.

తరువాత ఎవరి వస్తువు వారు. మనవరాలు వ్రాతప్రతుల గదికి తీసుకువెళ్ళింది. అద్దాలవెనుక అరబీ, పారశీక లిపులలో వ్రాసిన పుస్తకాలు. అది చాలాసేపు నిలబడి, "ఇవి కుడినుంచి ఎడమకు రాసినవి కదా. మన ఎర్రగుడి బండలో సగం పంక్తులు ఇట్లాగే ఉన్నవి" అన్నది. ఎక్కడి ఎర్రగుడి, ఎక్కడి అరబ్బు దేశం! ఒకటి నిదానంగా చూసినవారికి రెండవది పలకరిస్తుంది.

మనవడు ఏరుకున్నది దంతపు కుర్చీలు. ఫ్రాన్సు రాజు పదహారవ లూయీ టిప్పు సుల్తానుకు కానుకగా పంపినవని చెబుతారు. నగిషీ పని అద్భుతంగా ఉన్నది. వాడు మటుకు నగిషీ చూడలేదు. "వీటికి ఎన్ని ఏనుగులు కావలసి వచ్చినవి తాతా?" అన్నాడు. నేను జవాబు చెప్పలేకపోయాను. 1989లో ప్రపంచ దేశాలు సమావేశమై ఏనుగుదంతం వ్యాపారాన్ని ఆపాలని నిర్ణయించినవని మాత్రం చెప్పాను. అందమైన వస్తువును చూసి మెచ్చుకోవటం ఒకటి. దాని వెనుక జరిగినదాన్ని అడగటం ఇంకొకటి. మ్యూజియంలో రెండూ చేయవచ్చును.

పన్నెండు కావటానికి పావుగంట ఉండగా గడియారం దగ్గరికి చేరాము. అప్పటికే జనం కూర్చుని, నిలబడి, పిల్లలను భుజాలకెత్తుకుని ఎదురుచూస్తున్నారు. ఇది కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ కంపెనీవారి గడియారం. ఇంగ్లండు పనితనం. గంట కొట్టే వేళకు ఒక గడ్డపు మనిషి బొమ్మ తలుపు తెరుచుకుని బయటికి వస్తాడు. ఎన్ని గంటలయితే అన్నిసార్లు గంటకొట్టి లోపలికి పోతాడు. పన్నెండింటికి అయితే పన్నెండు దెబ్బలు. అందుకే ఆ వేళకు అంత జనం. ఇంకొక పక్క ఒక కమ్మరి బొమ్మ సెకన్లకు సరిగా సుత్తి వేస్తూ ఉంటాడు. అతన్ని చూసేవారు తక్కువ.

ఇలాంటి గడియారాలు ఎట్లా పనిచేస్తవో చెబుతాను. చుట్టి బిగించిన స్ప్రింగుగాని, వేలాడే బరువుగాని పళ్ళచక్రాలను తిప్పాలని చూస్తుంది. ఊరికే విడిచిపెడితే చక్రాలు గిర్రున తిరిగి కాసేపట్లో ఆగిపోతవి. లోలకం అటూ ఇటూ ఊగుతూ, ఒక కొక్కెంచేత చక్రాన్ని ఆపి, ఒక్కొక్క పన్ను చొప్పున వదులుతుంది. ఆ ఆపి వదలటమే టిక్కుటిక్కు. గంట నిండగానే ఇంకొక చక్రానికి అడ్డంగా ఉన్న మీట తొలగుతుంది. అప్పుడు గంటకొట్టే బొమ్మ కదులుతుంది.

పన్నెండు కావస్తుండగా పక్కకు చూస్తే మనవడు లేడు! మనవరాలు నా చేయి పట్టుకునే ఉన్నది. వీడు ఏమయినట్లు? ఆ జనంలో ఎవరిని అడగటం? కేక వేద్దామంటే గంటలు మొదలయినవి. ఒకటి, రెండు, మూడు... ఆ పన్నెండు దెబ్బలూ నా గుండెలోనే పడినవి. చివరి దెబ్బ కాగానే జనం చప్పట్లు కొట్టి, నవ్వుకుంటూ లేచారు. ఒక్క నిమిషంలో ఆ చోటు ఖాళీ అయింది.

అప్పుడు కనబడ్డాడు. అందరి కాళ్ళ సందున దూరిపోయి, అందరికంటె ముందు నేలమీద గొంతుకూర్చుని ఉన్నాడు. నాకు భయం పోయి కోపం వచ్చింది. గబగబా వెళ్ళి వాడి చేయి పట్టుకోబోయాను.

వాడి పెదవులు కదులుతున్నవి. "ముప్ఫై ఎనిమిది... ముప్ఫై తొమ్మిది... నలభై..."

నా చేయి అక్కడే ఆగిపోయింది. పిల్లలూ, 1990లో నేను వెనక్కి వచ్చినదీ ఇక్కడికే. అప్పుడు నా చేయి ఆగలేదు. ఈసారి నేను వాడి పక్కనే నేలమీద కూర్చున్నాను. మోకాళ్ళు కటకటమన్నవి. నలభై ఒకటి దాటింది. గంటకొట్టే మనిషి తలుపు మూసుకుని వెళ్ళిపోయాడు, జనమూ వెళ్ళిపోయారు. కమ్మరి మాత్రం తన పని తాను చేసుకుంటూనే ఉన్నాడు.

"యాభై తొమ్మిది!" అన్నాడు మనవడు. "కాదు, అరవై. నువ్వు మొదటిది వదిలేశావు" అన్నది వాడి అక్క. ఇద్దరూ పోట్లాడుకున్నారు. నా చేతి గడియారం ఇచ్చి, మళ్ళీ లెక్కపెట్టమన్నాను. రెండవసారి ఇద్దరికీ అరవై వచ్చింది. వాడికి తప్పిపోయినందుకు చెప్పవలసిన నాలుగు మాటలూ తరువాత చెప్పాను, అది వేరే సంగతి.

ఇంకా ముప్ఫై గదులకు పైగా మిగిలే ఉన్నవి. అయినా బయటికి వచ్చేశాము. రొట్టెలు తింటూ పిల్లలను ఒక్కొక్క వస్తువు గురించీ అడిగాను. అయిదింటికి అయిదూ కళ్ళకు కట్టినట్లు చెప్పారు. పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఉన్నదట, అదికూడా ఇవాళే చూద్దామన్నాడు మనవడు. "అది ఇంకొక ప్రయాణానికి ఉంచుకుందాం" అన్నాను. ఆకలి మిగిలి ఉండగానే విస్తరి ముందునుంచి లేవటం మంచిది.

మీలో కొందరు పెద్దయి ఇంకా పెద్ద మ్యూజియాలు చూస్తారు. 1851లో మొదలయి, ఇప్పుడు మద్రాసు ఎగ్మూరులో ఉన్న మ్యూజియంలో మన అమరావతి శిల్పాలు ఉన్నవి. మరికొన్ని అమరావతి శిల్పాలు లండను బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నవి. ఆ మ్యూజియం కూడా సాలార్‌జంగ్‌వారిదిలాగే, హాన్స్ స్లోన్ అనే ఒక్క వైద్యుడి సేకరణతో 1753లో పుట్టింది. పారిస్‌లోని లూవ్ర్‌లో మోనాలిసా పటం ముందు నిత్యం తిరునాళ్ళే. ఎక్కడికి వెళ్ళినా ఇదే పద్ధతి. పొద్దున్నే వెళ్ళండి. కొన్నింటినే ఏరుకోండి. అరగంటకొకసారి కూర్చోండి. అందరూ లేచిపోయిన తరువాత ఒక్క నిమిషం ఉండండి. డబ్బు లేకపోతే మీ ఊరి పక్కన ఒక బండో, గుడో, పాత బావో ఉంటుంది. దాన్ని పది నిమిషాలు చూడండి. టికెట్టు అక్కరలేదు. పెద్దలకు, ఉపాధ్యాయులకు నేను చెప్పేది ఒక్కటే. పిల్లవాడు ఆగితే, ఎందుకు ఆగాడో అడిగి, తరువాత చేయి పట్టుకోండి.

ఊరు చేరిన మరునాడే కొలిమికి వెళ్ళాము. "అరవై, మామా! సరిగ్గా అరవై. ఇంకా కొడుతూనే ఉన్నాడు" అన్నాడు మనవడు.

అతను సుత్తి దించి, కొంచెంసేపు ఆలోచించాడు. "మా నాయన ఇనుము ఎర్రగా ఉన్నప్పుడు ఇంకా జోరుగా వేస్తుండె. చల్లారితే వంగదు కదా" అన్నాడు. తరువాత నా వంక తిరిగి, "కూర్చోండి సార్" అని పీట వేశాడు.

నేను కూర్చోలేదు. "ఆరోజు నిన్ను బెంచీ ఎక్కించటం నా తప్పయ్యా. నీ పుస్తకంలో ఉన్నదే సరైన జవాబు" అన్నాను.

అతను మొహమాటపడి, పట్టకారుతో ఇనుపముక్కను కొలిమిలోనుంచి తీశాడు. అది ఎర్రగా ఉన్నది. మా మనవడు వేళ్ళు మడిచి లెక్కపెట్టటం మొదలుపెట్టాడు. వాడి లెక్క పూర్తి అయ్యేదాకా మేము అక్కడే ఉన్నాము.